తీగ లాగితే పాటంతా కదిలింది!

(ఇంట్లో స్టీరియో సరిగా పలకడం లేదా? కొత్త సెట్టు కొనేముందు పాత సెట్టు వెనక్కి ఒకసారి తొంగి చూడండి!)

బాలు ఎక్కడ నిలబడి పాడుతున్నాడు?

ఇదేం వెర్రి ప్రశ్న అనుకోకండి. మీ ఇంట్లో రెండు స్పీకర్ పెట్టెల స్టీరియో సెట్టు ఉంటే, 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటల్లో ఏదో ఒకటి పెట్టండి. రెండు పెట్టెలకూ సమానదూరంలో, సరిగ్గా మధ్యకు ఎదురుగా కూర్చోండి. కళ్లు మూసుకోండి. ఇప్పుడు చెప్పండి - బాలు గొంతు ఎడమ పెట్టెలోంచి వస్తోందా? కుడి పెట్టెలోంచా?

రెండూ కాదు! ఏ పెట్టే లేనిచోట, రెండింటికీ నట్టనడుమ, గోడకు క్యాలెండరు వేలాడుతున్న చోటునుంచి రావాలి. గొంతు అక్కడ నిలబడితే వయొలిన్లు అటూ ఇటూ సర్దుకుని కూర్చుంటాయి. అదే స్టీరియో అంటే!

అలా రావడం లేదా? గొంతు సాంబ్రాణి పొగలా గదంతా పరుచుకుందా? "ధిమ్" అనాల్సిన డ్రమ్ము "టప్" అంటోందా? అయితే కంగారు పడకండి. సెట్టు పాడైపోయిందని ఒక్క ఉదుటున తేల్చేయకండి. వెనకాల దుమ్ములో పడి ఉన్న తీగల్ని చూడండి. దొంగ అక్కడే దొరకవచ్చు.

ఇంతకూ ఈ తీగల గొడవ ఇప్పుడెందుకంటారా? మన సికింద్రాబాదులో ఈ రోజుల్లో రెండు రకాల అన్యాయాలు జరిగిపోతున్నాయి. నాన్నగారు ఎనభైల్లో ముచ్చటపడి కొనుక్కున్న యాంప్లిఫైయరు, స్పీకర్లు "సౌండు చచ్చిపోయింది" అనే ఒక్క మాటమీద పాతసామాన్ల బండి ఎక్కేస్తున్నాయి. అదే ఇంట్లో అబ్బాయి తన మొదటి జీతంలోంచి వేలకు వేలు తీసి, సంచిలో పట్టే ఒక తీగ ముక్కకు ఇచ్చి వస్తున్నాడు. రెండింటికీ కారణం ఒకటే - స్పీకరు తీగ ఏం చేస్తుందో, ఏం చేయలేదో ఎవరూ విడమరిచి చెప్పకపోవడం. ఆ సంగతే ఇక్కడ చెప్పుకుందాం.

హాలు నుంచి హాల్లోకి

అసలు మనవాళ్లకు సౌండు పిచ్చి ఎక్కించింది సినిమా హాళ్లే! సికింద్రాబాదులో రెండు చౌరస్తాలకు సినిమా హాళ్ల పేర్లే మిగిలాయి - ప్యారడైజ్, సంగీత్. ఆ హాళ్లు ఇప్పుడు లేవు. ప్యారడైజ్ అంటే ఈ తరానికి బిర్యానీయే గుర్తొస్తుంది. కానీ ఆ పేర్లు చెబితే పాత ప్రేక్షకుల కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి. సంగీత్‌లో ఇంగ్లీషు సినిమా చూడటమంటే బొమ్మతోపాటు సౌండు కూడా చూడటమే!

1975లో 'షోలే' 70 ఎం.ఎం. తెరతో, స్టీరియోఫోనిక్ సౌండుతో వచ్చింది. గుర్రాల డెక్కలు ఒక చెవినుంచి ఇంకో చెవికి పరుగెత్తడం మనవాళ్లు చెవులారా విన్నారు. తెలుగులో ఆ ముచ్చట 1986లో కృష్ణగారు 'సింహాసనం'తో తీర్చారు. అది మన తొలి 70 ఎం.ఎం. చిత్రం, ఆరు ట్రాకుల స్టీరియో సౌండుతో!

హాల్లో విన్నది ఇంటి హాల్లో కూడా వినాలనిపించడం సహజమే కదా! అయితే అంతకుముందు ఇంట్లో ఉన్నదల్లా రేడియో. దానికి ఒకటే స్పీకరు, అదీ దాని కడుపులోనే. బయటికి తీగ అన్న మాటే లేదు. పాటలు స్టీరియోలో రావడం మొదలైంది. 1978లో వచ్చిన తమిళ 'ప్రియ' పాటల్ని ఇళయరాజా స్టీరియోలో రికార్డు చేయించడం అప్పట్లో పెద్ద వార్త. ఆ తరవాత స్టీరియో క్యాసెట్లు ఇంటింటికీ వచ్చాయి. వాటితోపాటు యాంప్లిఫైయరు ఒకచోట, పెట్టెలు చెరోచోట చేరాయి. వాటి మధ్య తీగ వచ్చి పడింది. తీగతోపాటే తిప్పలూ వచ్చాయి!

సరదా సంగతేమిటంటే, స్టీరియో ఆలోచన పుట్టింది కూడా సినిమా హాల్లోనేనట. అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు భార్యతో సినిమాకు వెళ్లాడు. తెరమీద నటుడు ఒక మూల ఉంటే, మాట ఇంకెక్కడినుంచో వస్తోంది. "మనిషి ఎటు నడిస్తే గొంతు అటు నడిచే ఉపాయం నా దగ్గరుంది" అన్నాడట ఆవిడతో. 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టేశాడు! 1935లో హేస్ స్టేషనులో వచ్చిపోయే రైళ్లను స్టీరియో సౌండుతో చిన్న ఫిల్ముగా తీసి చూపించాడు. రైళ్ల కూతలతో నిద్రలేచే మన ఊరివాళ్లకు ఆ బొమ్మ ఎంత నచ్చేదో కదా!

ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు

ఇక అసలు విషయం. యాంప్లిఫైయరు వెనక ప్రతి పెట్టెకూ రెండు బిగింపులుంటాయి - ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. పెట్టె వెనకా అవే రెండు. ఎరుపునుంచి ఎరుపుకు ఒక తీగ, నలుపునుంచి నలుపుకు ఇంకోటి. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ ఇల్లు ఊడ్చేటప్పుడు ఊడిందనో, దీపావళికి సున్నం వేశారనో, ఇల్లు మారామనో తీసి మళ్లీ తగిలించేటప్పుడు ఒక పెట్టెకు రెండు తీగలూ తారుమారవుతాయి. పాట వస్తూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు!

తారుమారైతే ఏమవుతుంది? స్పీకరులో ఉన్న కాగితం గిన్నెను కోన్ అంటారు. అది ముందుకూ వెనక్కూ ఊగుతుంటేనే గాలి కదిలి మనకు పాట వినపడుతుంది. రెండు పెట్టెల కోన్లూ ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనక్కి ఊగాలి. ఒకదాని తీగలు తారుమారైతే ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగేస్తుంది. బావిలోంచి ఒకరు చేదతో తోడుతుంటే ఇంకొకరు కుమ్మరిస్తున్నట్టు! మిగిలేది సున్నా.

ముఖ్యంగా నష్టపోయేది బరువైన స్వరాలు - బేస్ అంటామే, అవి. సెకనుకు 50 సార్లు ఊగే ఒక బేస్ స్వరం గాలిలో దాదాపు 7 మీటర్ల పొడవైన అల. మీ రెండు పెట్టెల మధ్య దూరం మహా అయితే రెండు మీటర్లు. అంత పెద్ద అలకు ఆ రెండు పెట్టెలూ ఒకేచోట ఉన్నట్టే లెక్క. కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సన్నని స్వరాల అలలు పొట్టివి. అవి కొట్టేసుకోవు గానీ దారి తప్పుతాయి. అందుకే గొంతు నడుమ నిలబడక గదంతా తిరుగుతుంది.

తీగమీద గుర్తు లేకపోతే? ఎరుపు-నలుపు జంట తీగ అయితే సమస్యే లేదు. రెండూ ఒకే రంగయితే వేళ్లతో తడిమి చూడండి. ఒకదానిమీద సన్నని గీతో, గట్టులాంటిదో తగులుతుంది. ఎప్పుడూ దాన్నే ఎరుపు వైపు వాడుకోండి. పెట్టెమీద రంగులు చెరిగిపోతే దానికీ ఉపాయముంది. యాంప్లిఫైయరునుంచి పెట్టెను పూర్తిగా ఊడదీయండి. ఒక పెన్సిల్ సెల్లు - ఒకటిన్నర ఓల్టులది చాలు - తీసుకుని తీగల కొసలు క్షణంపాటు తాకించి తీసేయండి. 'టక్' మని పెద్ద కోన్ ముందుకు దూకిందా? సెల్లు బొడిపె తాకిన తీగే ఎరుపు. వెనక్కి పోయిందా? అయితే అది నలుపు. రెండో పెట్టెకూ ఇలాగే చేయండి. ఖర్చు ఒక సెల్లు!

'మాయాబజార్' పరీక్ష

సెల్లు కూడా అక్కర్లేని పరీక్ష ఇంకోటి ఉంది. దీనికి ఘంటసాల కావాలి!

1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనోలో ఉన్నవి పెట్టండి. 2010లో రంగుల్లో వచ్చినప్పుడు సౌండుకు కొత్త హంగులు చేర్చారు. అది కాదు, పాత రికార్డు పాట కావాలి. మోనో అంటే రెండు పెట్టెలకూ అచ్చంగా ఒకే సౌండు వెళుతుంది. అంటే పాట మొత్తం - గొంతూ, వాద్యాలూ, అన్నీ - రెండింటి నట్టనడుమ ఒక్క చుక్కలోంచి రావాలి. పాతవాళ్ల దగ్గర రేడియో ఎదురుగా పెట్టినట్టు!

ఇప్పుడు యాంప్లిఫైయరు ఆపేసి ఒక పెట్టెకు మాత్రం తీగలు తారుమారు చేయండి. మళ్లీ అదే పాట, అంతే సౌండులో వినండి. రెండుసార్లలో ఏది బరువుగా, నిండుగా, నడుమ కుదురుగా ఉందో అదే సరైన కనెక్షను. ఈ తేడా వినడానికి సంగీత జ్ఞానం అక్కర్లేదు. పది నిమిషాల పని. కానీ పాతసామాన్ల బండి ఎక్కబోయే సెట్టుకు ఇది ప్రాణదానం కావచ్చు!

ఒక్క షరతు మరవకండి. తీగ ముట్టేముందు ప్రతిసారీ యాంప్లిఫైయరు ఆపాలి. ఎరుపు, నలుపు కొసలు ఒకదానికొకటి తగిలాయంటే యాంప్లిఫైయరులోని ట్రాన్సిస్టర్లు క్షణంలో కాలిపోవచ్చు. ఒక్క వెంట్రుకలాంటి పోగు పక్కకు జారినా చాలు. ఇంకోటి - కొందరు స్పీకరు తీగకు గోడ సాకెట్టులో పెట్టే రెండు పిన్నుల కరెంటు ప్లగ్గు తగిలిస్తారు. అది మహా పొరపాటు. ఇంట్లో చిన్నపిల్లలెవరైనా దాన్ని తీసుకెళ్లి గోడకు పెడితే స్పీకరు పోవడంతో ఆగదు!

లావా? సన్నమా?

ఇక తీగ లావు సంగతి. రాగి ఎంత మంచిదైనా కరెంటును కొంచెం అడ్డుకుంటుంది. పొడవు పెరిగితే అడ్డు ఎక్కువ, లావు పెరిగితే తక్కువ. అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు. మీ పెట్టె వెనక 8 ఓమ్‌లనో, 4 ఓమ్‌లనో రాసి ఉంటుంది చూడండి.

ఇప్పుడొక చిన్న లెక్క. యాంప్లిఫైయరునుంచి పెట్టె 5 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కరెంటు పోవాలి, రావాలి - అంటే మొత్తం 10 మీటర్ల రాగి. అర చదరపు మిల్లీమీటరు సన్నని తీగ వాడితే దాని అడ్డు దాదాపు 0.4 ఓమ్. 8 ఓమ్‌ల పెట్టె అయితే యాంప్లిఫైయరు ఇచ్చే శక్తిలో నూటికి 5 వంతులు, 4 ఓమ్‌ల పెట్టె అయితే నూటికి 9 వంతులు తీగలోనే హరీ! అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే అడ్డు 0.08 ఓమ్. 8 ఓమ్‌ల పెట్టెకు నష్టం నూటికి ఒక్కటే.

పోయిన సౌండును వాల్యూము తిప్పి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. తెచ్చుకోవచ్చు. కానీ ఒక చిక్కుంది. 8 ఓమ్‌లని రాసిన పెట్టె అన్ని స్వరాలకూ 8 దగ్గరే నిలబడదు. ఒక స్వరానికి 5, ఇంకోదానికి 20 కూడా కావచ్చు. తీగ మరీ సన్నమైతే కొన్ని స్వరాలు ఎక్కువ నష్టపోతాయి, కొన్ని తక్కువ. పాట రంగు కొద్దిగా మారుతుంది. తీగ మారిస్తే సౌండు మారిందని కొందరు చెప్పే మాటలో నిజమున్న చోటు ఇదే!

గుర్తుంచుకోవలసింది ఒకటే లెక్క. తీగ అడ్డు పెట్టె ఓమ్‌లలో నూటికి 5 వంతులు దాటకూడదు. మామూలు గదిలో 8 ఓమ్‌ల పెట్టెలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ హాయిగా సరిపోతుంది. 10 మీటర్లు లాగాలన్నా, పెట్టె 4 ఓమ్‌లదైనా 2.5 తీసుకోండి. అంతకుమించి లావు తీగ బట్టలారేసుకోవడానికి పనికొస్తుంది!

ఎడమ తీగా కుడి తీగా ఒకే పొడవుండాలని మిగిలిన తీగను చుట్టలు చుట్టి సోఫా కింద దాచేవాళ్లున్నారు. అక్కర్లేదు. మూడు మీటర్ల తేడా దాటడానికి విద్యుత్తుకు సెకనులో కోటి వంతు కూడా పట్టదు. ఏ చెవీ దాన్ని పట్టుకోలేదు.

లావుకన్నా ముందు చూడవలసినవి కొసలు. చాలా ఇళ్లలో తీగ ఇరవై ఏళ్లుగా అదే స్క్రూ కింద నలిగి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. రెండంగుళాలు కత్తిరించి పారేయండి. ఒక సెంటీమీటరు మేర తొడుగు ఒలిచి, పోగులన్నీ కలిపి మెలిపెట్టి, స్క్రూ తిరిగే దిక్కునే చుట్టి బిగించండి. స్క్రూ కింద పెట్టే కొసకు టంకం పెట్టకండి. మెత్తని టంకం ఒత్తిడికి క్రమంగా నలిగి బిగింపు వదులవుతుంది. నొక్కుడు క్లిప్పులైతే రాగికి బదులు ప్లాస్టిక్ తొడుగును పట్టుకున్నాయేమో చూడండి. పాట మధ్యలో "కర్ కర్" మంటే, పెట్టెమీద చెయ్యి వేస్తే సౌండు వచ్చిపోతుంటే - తొంభై ఏళ్ల ముసలివాడి పన్నులా అక్కడేదో కదులుతోందన్నమాట!

నాలుగు బిగింపుల పెట్టె

కొన్ని పెట్టెల వెనక రెండుకు బదులు నాలుగు బిగింపులుంటాయి. పైన ఒక జత, కింద ఒక జత. వాటిని కలుపుతూ రెండు ఇత్తడి పట్టీలు. సాధారణంగా కింది జత బేస్ పలికే పెద్ద స్పీకరుకు, పై జత సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరుకు. ప్రయోగాల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు ఇది స్వర్గం! తీగను కింద తగిలిస్తే ఒకలా, పైన తగిలిస్తే ఒకలా, ఎరుపు కింద - నలుపు పైన అడ్డదిడ్డంగా తగిలిస్తే ఇంకోలా ఉంటుందని రాత్రుళ్లు నిద్రమానుకుని వింటుంటారు. కొందరు పట్టీలు పీకేసి, యాంప్లిఫైయరునుంచి రెండు జతల తీగలు లాగుతారు. దీన్నే బైవైరింగ్ అంటారు.

చేసి చూడండి, నష్టం లేదు. అయితే ఆ పట్టీ అడ్డు ఓమ్‌లో వెయ్యో వంతులకన్నా ఎక్కువుండదు. శుభ్రంగా, బిగువుగా ఉన్నంతకాలం పైన తగిలించినా కింద తగిలించినా చెవికి అందే తేడా రావడానికి కారణం కనపడదు. రెండు జతల తీగలు లాగితే జరిగేది ప్రధానంగా రాగి లావు పెరగడమే. తేడా స్పష్టంగా వినపడితే మాత్రం ఆ పట్టీనే అనుమానించండి. తుప్పు పట్టి ఉండవచ్చు, వదులై ఉండవచ్చు. అలాంటప్పుడు దాన్ని తీసేసి అదే స్పీకరు తీగ ముక్క ఒకటి వేయండి. ఖర్చు లేదు, రోగం కుదురుతుంది.

కానీ ఒక హెచ్చరిక! పై జతకు ఒక యాంప్లిఫైయరు, కింది జతకు ఇంకో యాంప్లిఫైయరు పెట్టేట్టయితే ఆ పట్టీలు తీయడం మరవకూడదు. మరిచారా, రెండు యాంప్లిఫైయర్లూ ఒకదానిమీద ఒకటి కలబడతాయి. క్లైమాక్సులో పొగలే!

మూడో పెట్టె మాయ

తీగల ప్రయోగాల్లో అన్నిటికన్నా సరదా అయినది ఇప్పుడు చెబుతాను. ఇంట్లో ఒక పాత స్పీకరు పెట్టె, 8 ఓమ్‌లది, ఊరికే పడి ఉందా? దాన్ని మీ కుర్చీ వెనక పెట్టండి. దాని ఎరుపు తీగను యాంప్లిఫైయరు ఎడమ ఎరుపుకు, దాని నలుపు తీగను యాంప్లిఫైయరు కుడి ఎరుపుకు తగిలించండి. నలుపు బిగింపులకు ఏమీ తగిలించవద్దు. ముందున్న రెండు పెట్టెలూ ఎప్పటిలాగే ఉంటాయి.

పాట పెట్టండి... వెనకనుంచి గాయకుడి గొంతు దాదాపు మాయం! వయొలిన్లు, కోరస్, గొంతు వెనక ప్రతిధ్వని మాత్రం మిగులుతాయి. విఠలాచార్య సినిమా అనుకునేరు, లెక్కే! ఆ పెట్టెకు అందేది ఎడమ, కుడి సౌండ్ల మధ్య తేడా మాత్రమే. గొంతు రెండింటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి సమానం లోంచి సమానం పోతే సున్నా. ఇందాకటి మోనో 'మాయాబజార్' పాట పెడితే వెనక పెట్టె దాదాపు నోరు మెదపదు. మెదిపితే ఎడమ-కుడి సౌండు సమానంగా లేదని అర్థం. అదొక ఉచిత పరీక్ష!

దీన్ని 1970 ప్రాంతంలో అమెరికాలో డేవిడ్ హాఫ్లర్ ప్రచారంలోకి తెచ్చాడు. 1982లో బ్రయన్ ఈనో అనే సంగీతకారుడు తన 'ఆన్ ల్యాండ్' రికార్డు అట్టమీద మూడో స్పీకరు ఎలా తగిలించాలో బొమ్మ కూడా వేయించాడు. సినిమా ప్రియులు ముఖ్యంగా గమనించవలసింది - 1977లో 'స్టార్ వార్స్'తో ప్రపంచమంతా మోగిన డాల్బీ స్టీరియోలో కూడా హాలు వెనక స్పీకర్లకు సౌండు ఈ తేడా సూత్రంమీదే వచ్చేది. రెండు ట్రాకుల్లో నాలుగు దిక్కుల సౌండు దాచారన్నమాట. పాత ఇంగ్లీషు సినిమాల స్టీరియో సౌండుట్రాకు పెట్టి వినండి, గగుర్పాటు గ్యారంటీ!

అయితే అన్ని యాంప్లిఫైయర్లకూ ఇది పనికిరాదు. రెండు నలుపు బిగింపులూ లోపల కలిసి ఉన్నవాటికే పనికొస్తుంది. ఆపిన యాంప్లిఫైయరు రెండు నలుపుల మధ్య మీటరు పెడితే సున్నా ఓమ్‌లు చూపాలి. 4 ఓమ్‌ల పెట్టెల్ని మోయగలిగిన యాంప్లిఫైయరు కూడా అయి ఉండాలి. కారు స్టీరియోలు, అరచేతిలో పట్టే చిన్న డిజిటల్ యాంప్లిఫైయర్లు చాలావరకు ఇందుకు తగవు. వాటిజోలికి పోకండి.

మామూలుగా అదనపు పెట్టెలు తగిలించేవాళ్లకూ ఇదే జాగ్రత్త. 8 ఓమ్‌ల పెట్టెలు రెండు పక్కపక్కన ఒకే బిగింపుకు తగిలిస్తే 4 ఓమ్‌లవుతాయి. ఒకదాని వెనక ఒకటి గొలుసుగా తగిలిస్తే 16. యాంప్లిఫైయరు వెనక రాసిన అంకెకన్నా కిందికి దిగితే దానికి చెమటలే!

బంగారు తీగల కథ

మరి వేలు, లక్షలు పోసే తీగల మాటేమిటి? ఒకప్పుడు అమెరికాలో కూడా టేబుల్ ల్యాంపు తీగతోనే సరిపెట్టుకునేవారు. 1979లో నోయెల్ లీ అనే ఇంజనీరు 'మాన్‌స్టర్ కేబుల్' కంపెనీ పెట్టి, లావు తీగలకు మంచి పేరూ మంచి డబ్బాలూ తగిలించాడు. అక్కడినుంచి తీగ కూడా ఒక నగ అయిపోయింది!

1983 ఆగస్టులో 'స్టీరియో రివ్యూ' పత్రికలో లారెన్స్ గ్రీన్‌హిల్ ఒక పరీక్ష రాశాడు. ఏ తీగ పలుకుతోందో చెప్పకుండా శ్రోతలకు వినిపించారు. బాగా సన్నని 24 గేజి తీగ కొన్ని పరీక్షల్లో పట్టుబడింది. సంగీతం వినిపించినప్పుడు మాత్రం 16 గేజి మామూలు తీగకూ, ఖరీదైన తీగకూ తేడా నమ్మకంగా చెప్పలేకపోయారు. ఇక 2007లో జేమ్స్ ర్యాండీ అనే ఇంద్రజాలికుడు - మాయల గుట్టు విప్పడంలో ఘనుడు - 7,250 డాలర్ల తీగ జత గురించి సవాలు విసిరాడు. మామూలు మంచి తీగకూ దానికీ తేడా చూడకుండా చెప్పగలిగితే పది లక్షల డాలర్లు! ఆ పరీక్ష చివరికి జరగనేలేదు.

బొమ్మా బొరుసా?

ఆయన మాటా వద్దు, అమ్మేవాడి మాటా వద్దు. మీరే తేల్చుకోండి. ఒక స్నేహితుణ్ణి పిలవండి. మీరు సెట్టుకు వీపు తిప్పి కూర్చోండి. అతను ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒక తీగ, బొరుసు పడితే ఇంకో తీగ తగిలించాలి. తీగ మార్చకపోయినా మార్చినంతసేపు చప్పుడు చేయాలి. వాల్యూము కదపకూడదు. అదే పాట, అదే చరణం. మీరు ఏ తీగో చెప్పాలి. అతను కాగితంమీద రాసుకోవాలి. ఇలా పదిసార్లు. (నాణెం 'షోలే'లో జై దగ్గరున్నది కాకూడదు సుమా! దానికి రెండువైపులా బొమ్మే!)

పదికి ఏడు కరెక్టయితే గంతులేయకండి. ఊరికే నోటికొచ్చింది చెప్పినా ఏడో, అంతకన్నా ఎక్కువో కరెక్టయ్యే అవకాశం నూటికి 17 వంతులుంది. తొమ్మిదీ పదీ వస్తే అప్పుడు నమ్మండి. నోటికొచ్చింది చెప్పేవాడికి అది నూటికి ఒక్కసారే సాధ్యం. ఈ పరీక్షలో నెగ్గిన తీగకు ఎంతైనా ఇవ్వండి, మీ ఇష్టం. నెగ్గని తీగకు మాత్రం మొదటి జీతం ధారపోయకండి.

కొనాల్సి వస్తే మన రాణిగంజ్‌లోనో, కోఠీ గుజరాతీ గల్లీలోనో మీటరు లెక్కన దొరికే తీగ చాలు. "అన్నా, మంచి స్పీకర్ వైర్ ఇవ్వు" అని అడగకండి. మంచి అన్న మాటకు ధర ఎంతైనా ఉంటుంది! "1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, జంటది, ఎరుపు-నలుపు" అని అడగండి. కొస దగ్గర ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా తేలితే అల్యూమినియంకు రాగి పూత. దాని అడ్డు రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు. పనికిరాదని కాదు, చవకగా ఇస్తే ఇంకొంచెం లావుది తీసుకోవచ్చు. రాగి ధర మాత్రం ఇవ్వకండి.

ఆ తీగల్లో మిగిల్చిన డబ్బుతో ఏం చేయాలంటారా? పెట్టెల్ని మూలల్లోంచి ఓ రెండడుగులు ముందుకు జరపండి. చిన్న స్పీకరు చెవి ఎత్తుకు వచ్చేలా స్టూలుమీద ఎక్కించండి. వెనక గోడకు మందమైన దుప్పటి వేలాడదీసి వినండి. ఇవేవీ డబ్బులడగవు, తీగకన్నా ఎక్కువ తేడా చూపిస్తాయి!

ఈ ఆదివారం సెట్టు వెనక దుమ్ము దులపండి. కొసలు కత్తిరించి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు తగిలించి, ఘంటసాలను పిలవండి. ఆయన క్యాలెండరు దగ్గర నిలబడి పాడాడంటే మీ సెట్టు బంగారం. పాతసామాన్ల బండివాణ్ణి పక్కింటికి పంపండి!